బడిలో నొక యరగంట

పల్లెలోని ప్రాథమిక పాఠశాలలో అయిదవ తరగతి ముగించిన బిడ్డ ఆఱవ తరగతికై రెండు మూడు మైళ్ల దూరముననున్న ఉన్నత పాఠశాలకు పోవునప్పుడు వానికి కలుగు మార్పును మనము తగినంతగా గమనించుట లేదు. నిన్నటివరకు ఒక్క పంతులో, ఒక్క పంతులమ్మయో వానికి బడి యంతయు. వాని తండ్రి పేరును తాత పేరును ఆమె యెఱుగును. వాని యింటి యావు ఎప్పుడీనినదియు నెఱుగును. వాడు రెండు దినములు రాకున్నచో త్రోవలో ఎదురైన వాని యవ్వను నిలిపి యడుగును. ఇప్పుడో, గంట కొట్టినప్పుడెల్ల ఒక క్రొత్త ముఖము లోనికి వచ్చును. లెక్కలు చెప్పువా రొకరు, తెలుగు చెప్పువా రొకరు, సాంఘికశాస్త్రము చెప్పువా రొకరు. చెప్పువారు ఏడుగురు, వినువారు మూడువందలమంది. ఆ యేడుగురిలో వానికి తనవారనదగిన వారు లేరు. హాజరుపట్టీలో వాడొక సంఖ్య. ఒకనాడు రాకపోయినచో ఆ సంఖ్య కెదురుగా ఒక గుర్తు పడును గాని, ఎందులకు రాలేదని యడుగువారుండరు.

ఈ మార్పు సరిగా పదునొకండవ యేట వచ్చుట గమనింపదగినది. గొంతు మాఱు వయస్సది. ఆడుబిడ్డలు పెద్దమనుషులగు వయస్సది. నిన్న కలిసి గోలీలాడినవారు నేడు వేఱు వేఱు వరుసలలో కూర్చుందురు. ఏమి మాటాడిన ఎవరు నవ్వుదురో యను జంకు, తోడివారి మెప్పుకై ప్రాకులాట, కారణము లేని కోపము, కారణము చెప్పరాని దుఃఖము, ఇవి యన్నియు ఒక్కమాఱే వచ్చి మీద పడును. ఆ వేళకే బడి వాని నెఱిగినవారిని తీసివేసి ఎఱుగనివారి నిచ్చుచున్నది. పిల్లలు చదువు మానుట మనకంటికి కనబడునది తొమ్మిదవ, పదవ తరగతులలోనే యైనను, చేయి జాఱుట కారంభము ఈ సంధిలోనే యని మా తలంపు.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. అమెరికాలో 1909వ సంవత్సరమున ఓహయో రాష్ట్రమందలి కొలంబసు నగరమున చిన్నబడికిని పెద్దబడికిని నడుమ మెట్టుగా జూనియరు హైస్కూలను తెఱచిరి. మెట్టు కట్టిన తరువాతను చేయూత కొఱవడినదని వారికి తెలియుటకు చాలకాలము పట్టినది. 1989లో కార్నెగీ సంస్థవారు ఆ నడిమి బడులను గూర్చి ప్రకటించిన నివేదికలో, ప్రతి బిడ్డను చక్కగా నెఱిగిన పెద్దవారు బడిలో ఒక్కరైన నుండవలెననియు, అందులకై పిల్లలను చిన్న చిన్న కూటములుగా నేర్పఱచి ఒక్కొక్క కూటమును ఒక్కొక్క ఉపాధ్యాయునికి అప్పగింపవలెననియు చెప్పిరి. దానిని వారు 'అడ్వైజరీ' యందురు. పాఠము కాదు, ఆట కాదు, ప్రార్థన కాదు. ఒక పెద్దయు కొందఱు పిల్లలును కూర్చుండి ఒకరి నొకరు తెలిసికొను వేళ. మన దేశమున ఢిల్లీ ప్రభుత్వమువారు 2018 జూలైలో తమ బడులలో ఎనిమిదవ తరగతివఱకు 'హ్యాపీనెస్' తరగతులను దలైలామాగారి చేత ప్రారంభింపజేసిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలకు ఆ తరగతుల కాలములో ఎప్పుడైన పదిదినములు పుస్తకముల సంచి లేని బడి యుండవలెనన్నది. సంచి లేని దినములు మంచివే. కాని పదిదినములు కలిసినవారు చుట్టములగుదురేమో గాని ఆప్తులు కాజాలరు.

మేము చిత్తూరుసీమ పడమటి మండలములలో చాలకాలము బడిపంతులుగా నుండినవారము. ఆ దినములలో ఒక ఉన్నత పాఠశాలలో ఈ పద్ధతిని నడుపు భాగ్యము మాకు కలిగినది. బడి పేరు చెప్పము. చెప్పినచో అక్కడి బిడ్డల కథలు ఎవరివో ఊరివారికి తెలిసిపోవును. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులు కలిసి నూటయెనుబదిమంది పిల్లలు. ఉపాధ్యాయులము తొమ్మండుగురము. తలకు ఇరువదిమంది. మూడు తరగతుల వారిని కలిపి కూటములు కట్టితిమి. ఎనిమిదవ తరగతి బిడ్డ ప్రక్కన ఆఱవ తరగతి బిడ్డ కూర్చుండునట్లు. ఒకమాఱు కుదిరిన కూటము మూడేండ్లు అదే ఉపాధ్యాయునితో నుండవలెనని నియమము. కాలము ఎక్కడినుండి వచ్చునని మొదట అందఱు అడిగిరి. ప్రతి పీరియడులోను నాలుగేసి నిమిషములు తగ్గింపగా ఎనిమిది పీరియడులకు ముప్పదిరెండు నిమిషములు చేతికి వచ్చినవి. వారమునకు మూడు దినములు, ఉదయ ప్రార్థన ముగియగానే, ఎవరి చెట్టు క్రిందికి వారు. మాకు దొరికినది కానుగచెట్టు. దొరతనమువారి కాగితములలో దానికేదో పేరుండును గాని, పిల్లలు 'చెట్టుకింద పీరియడు' అనిరి. ఆ పేరే నిలిచినది.

మొదటి వారము మాటలు రాలేదు. ఒక పిల్లవాడు లేచి, "నోటుపుస్తకం కొనాల్నా సార్?" అని యడిగెను. అక్కఱలేదంటిమి. "పరీక్ష ఉంటాదా?" ఉండదంటిమి. "అట్లయితే ఇది దేనికి సార్?" అని మఱియొకడు. న్యాయమైన ప్రశ్నయే. పరీక్ష లేనిది చదువు కాదని ఆ బిడ్డలకు నేర్పినది మనమే కదా! మేము గుండ్రముగా కూర్చుండుమని చెప్పి మేమును నేలనే కూర్చుంటిమి. పంతులు నేలమీద కూర్చుండుట చూడలేక ఒక చిన్నవాడు తన చేతిరుమాలును పఱచినాడు. దానిని మడిచి వానికి ఇచ్చివేయుటలో ఆనాటి పాఠము ముగిసినది.

తరువాత హాజరు తీసికొను పద్ధతిని మార్చితిమి. పేరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనుటకు మాఱుగా, ఆనాడు తన మనస్సు ఎట్లున్నదో ఒక్కమాటలో చెప్పవలెను. చెప్పుట కిష్టము లేనిచో "దాటు" అనవచ్చును. మేము వారికి ఎండ, మబ్బు, వాన అను మాటలను సూచించితిమి. రెండు దినములలో వారు మా మాటలను ప్రక్కకు నెట్టి తమ మాటలను తెచ్చుకొనిరి. ఆ ప్రాంతపు బిడ్డలు టమాట పండించువారి బిడ్డలు. మదనపల్లె టమాట అంగడి దేశమునందలి పెద్ద అంగళ్లలో ఒకటి. 2023 జూలైలో కిలో నూఱు రూపాయలు దాటి ఇంకను పైకెగబ్రాకిన దినములు కలవు. కోతకూలియైన రాదని కాయను చేనిలోనే వదలివేసిన దినములును, త్రోవప్రక్కన పారబోసిన దినములును కలవు. ఇంటిలో పొయ్యిమీది కూర మొదలు తండ్రి గొంతువఱకు అన్నియు ఆ ధర ననుసరించియే యుండును. కాబట్టి పిల్లలు తమ మనస్సునకు టమాట పెట్టెను గుర్తుగా పెట్టుకొనిరి. "ఈపొద్దు నా పెట్టె వెయ్యి పలికింది సార్" అని ఒకడు. "నాది నూఱు" అని యొకతె. "నాది పారబోసినారు" అని మఱియొకడు నవ్వుచు చెప్పును, ఆ నవ్వులో నవ్వు లేకుండును. ఏ మనస్తత్వశాస్త్ర గ్రంథమునందును ఇంతకంటె తిన్ననైన కొలమానమును మేము చూచియుండలేదు.

తన మనస్సునకు పేరు పెట్టగలుగుట చిన్న విద్య కాదు. కోపమును కోపమని తెలిసికొన్నవాడు చేయి యెత్తకముందు ఒక్క క్షణము నిలుచును. తెలిసికొనలేనివాడు చేయి యెత్తిన తరువాత తెలిసికొనును. మా కూటములో తఱచుగా కొట్లాడు ఒక పిల్లవాడు కొన్ని నెలల తరువాత, "నా పెట్టె ఈపొద్దు పగిలే మాదిరి ఉండాది, నా జోలికి రావద్దండి" అని ముందుగా చెప్పసాగెను. పిల్లలు వాని జోలికి పోరైరి. అది యంతటితో తీఱిన మాట. అదివఱకు అట్టి దినములలో ఒక పలకయో, ఒక పెదవియో పగులుచుండెడిది.

ఏడవ తరగతి బిడ్డ యొకతె మా కూటములో నుండెడిది. మంచి చదువరి. ఏనాడును "దాటు" అనెడిది కాదు. ఒకనాడు తన వంతు రాగా, "నా పెట్టె అంగట్లోకే పోలేదు సార్" అన్నది. ఎవరును నవ్వలేదు. మేమును అడుగలేదు, అడుగగూడదను నియమము కలదు. మఱునాడును ఆ మాటయే. మూడవనాటినుండి ఆమె రాలేదు.

ఆమె తల్లి కువైటులో ఇంటిపనికి పోయి రెండేండ్లయినది. ఈ సీమలోను, ప్రక్కనున్న రాయచోటి ప్రాంతములోను అట్టి తల్లు లెందఱో కలరు. కఱవు కాలమున మగవాడు బెంగుళూరు పోవును. అప్పు తీఱకున్నచో ఆడది కువైటు పోవును. బిడ్డలు అవ్వలయొద్ద పెరుగుదురు. నెలకొకమాఱు వచ్చు డబ్బులో తల్లి యుండును, రాత్రి మ్రోగు ఫోనులో తల్లి యుండును, ఇంటిలో ఉండదు. బడి వారి కాగితములలో ఆ బిడ్డ తలిదండ్రులు గల బిడ్డయే.

ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె ఆమె ఇంటికి పోయి చూచి వచ్చినది. మేము పొమ్మనలేదు. మూడేండ్లుగా ఉదయముననే ఒక చెట్టు క్రింద కూర్చుండినవారికి ఒకరు పొమ్మనవలసిన పని లేదు. ఆమె మా యొద్దకు వచ్చి, "సార్, ఒక మాట చెప్పొచ్చునా?" అని మెల్లగా అడిగి, ఆ బిడ్డ పెద్దమనిషియైనదనియు, అవ్వ తన చిన్నకొడుకునకు, అనగా బిడ్డకు మేనమామయైన వానికి, ఆమెను ముడివేయ నిశ్చయించినదనియు చెప్పినది. బిడ్డకు పదుమూడేండ్లు నిండలేదు.

2006 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట నేరము. 1098 అను సంఖ్యకు ఫోను చేసిన బాలల రక్షణకు మనుష్యులు వత్తురు. ఇవి మాకు తెలిసినవే. కాని మొదట పోవలసినది ఇంటికని మా పంతులమ్మగారు పట్టుబట్టిరి. ఆమె మాట వినుట మేలైనది. ఆమెయు, అంగన్‌వాడీ కార్యకర్తయు, మేమును పోతిమి. అవ్వ మమ్ము తిట్టుననుకొంటిమి. ఆమె తిట్టలేదు. నులకమంచము వాల్చి కూర్చుండుమని, "నాకు కండ్లు ఆనవు సామీ. ఎదిగిన బిడ్డను కాపలా కాసేదెవరు? దాని అమ్మకు నేనేమని జవాబు చెప్పేది?" అన్నది. ఆ ముసలితల్లి మాటలో క్రౌర్యము లేదు. భయము మాత్రమున్నది. చట్టమునుగూర్చి మా పంతులమ్మగారు చెప్పినదంతయు విని, "చట్టం రాత్రిపూట వచ్చి వాకిట్లో పండుకుంటాదా?" అని యడిగినది. మా యొద్ద జవాబు లేకపోయెను.

ఆ రాత్రి పదిగంటలు దాటిన తరువాత తల్లితో మాటాడుట కుదిరినది. ఆమెకు ఈ సంగతియే తెలియదు. తెరమీద ఆమె ముఖము కనబడగానే బిడ్డ మొదటిమాఱు ఏడ్చినది. తల్లి ఏడ్వలేదు, తన తల్లిని పిలిచి చాలసేపు మాటాడినది. పది దినములలో ఆ బిడ్డను కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములో చేర్చుట కేర్పాటు జరిగినది. 2004 నుండి ఇట్టి బిడ్డలకై నెలకొల్పబడిన వసతి పాఠశాలలవి. కాపలా యెవరని యడిగిన అవ్వకు కాపలా గల చోటు దొరికినది, పెండ్లిమాట అణగినది. సెలవులకు వచ్చినప్పుడు ఆ బిడ్డ మా చెట్టు క్రిందికి వచ్చి తన పెట్టె ధర చెప్పిపోవుచుండెడిది. ఒకమాఱు ఎంతయో చెప్పి, మఱల నవ్వి, "దళారి లేకుండా" అన్నది.

ఇట్టి దానికి అరగంట యెందులకు, మంచి ఉపాధ్యాయుడు చాలడా యని కొందఱు అనవచ్చును. మంచి ఉపాధ్యాయుడు మూడువందలమందిలో ఒకతె మాటను వినుటకు ఆమె మాటాడు చోటుండవలెను. ఆ చోటును కాలపట్టికలో పెట్టనిచో అది యాదృచ్ఛికముగా దొరకును, దొరకకయు పోవును. బడిలో కాలపట్టికకెక్కని విద్య లేనట్లే లెక్క.

మా సీమకు ఈ యాలోచన పరదేశమునుండి రావలసిన యగత్యము లేదు. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో మదనపల్లెలోనే పుట్టిరి. బాల్యమున మందబుద్ధియని ఎంచబడి బడిలో దెబ్బలు తినిరని ఆయన చరిత్రకారులు వ్రాసియున్నారు. తరువాతికాలమున ఆయన విద్యనుగూర్చి ఎన్నిమాఱులు మాటాడినను భయము, పోలిక, పోటీ అను మూడింటిని బడినుండి తొలగింపవలెనని చెప్పక మానలేదు. మదనపల్లెకు దగ్గఱ, ఋషికొండ ప్రక్క లోయలో ఆయన సంకల్పమున వెలసిన ఋషీవ్యాలీ పాఠశాలలో ఉపాధ్యాయులు పిల్లల వసతిగృహములలో వారితోడనే కాపురముండి ఇంటిపెద్దలవలె చూచుకొందురు. సాయంకాలమున పిల్లలు ఒకచోట చేరి మాటలేక కూర్చుండి సూర్యుడు క్రుంకుటను చూతురు. దానిని 'అస్తాచల' మందురు. పరీక్ష లేని పాఠమనిన అదియే. ఎనిమిది పీరియడుల గంటలు మ్రోగు బడిలో ఒక్క నిముసము నిశ్శబ్దము నిలుపుట యెంత కష్టమో తెలిసినవారమగుటచే, దానిని చూచి మాకు కొంత అసూయ కలిగిన మాట నిజము.

అది డబ్బుగలవారి బిడ్డలకు గాని మన కెక్కడిదని చదువరు లనవచ్చును. అందులో నిజము లేకపోలేదు. కాని ఆ సంస్థవారే చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న చిన్న బడులు నడిపి, ఒక్క ఉపాధ్యాయుడు పలు తరగతుల బిడ్డలను కూటములుగా కూర్చుండబెట్టి, అట్టముక్కలమీద వ్రాసిన పాఠములతో ఎవరి నడకకు తగినట్లు వారిని నడిపించు పద్ధతిని కల్పించిరి. పెద్దబిడ్డ చిన్నబిడ్డకు చూపుట, తల్లులు బడికి వచ్చి కథలు చెప్పుట అందులోని భాగములు. ఆ పద్ధతియే తరువాత తమిళనాటి ప్రభుత్వ పాఠశాలలకును ప్రాకినది. కాబట్టి గుండ్రముగా కూర్చుండుట ధనికుల సొత్తు కాదు. ఆఱవ తరగతినుండియే బిడ్డలను చేర్చుకొను నవోదయ విద్యాలయములు మదనపల్లె వలసపల్లెలో నున్నట్లు పలు జిల్లాలలో నున్నవి. అక్కడను ప్రతి బిడ్డకు ఒక గృహము, ఆ గృహమునకొక ఉపాధ్యాయుడు కలరు. ఇంటినుండి దూరమైన బిడ్డకు ఒక పెద్ద కావలెనని అందఱికిని తోచినది. ఇంటికి సాయంకాలము తిరిగిపోవు బిడ్డకు అక్కఱలేదనుకొంటిమి. ఆ యింటిలో ఎవరున్నారో చూడలేదు.

తిరుపతి వంటి పట్టణములలో ఇంకొక వింత పుట్టినది. ఆఱవ తరగతినుండియే ఐ.ఐ.టి. పునాదియని చెప్పి తెల్లవాఱకముందే కూర్చుండబెట్టుచున్నారు. పదునొకండేండ్ల బిడ్డకు వారపు పరీక్ష, ఆ పరీక్షలో స్థానము, ఆ స్థానము ననుసరించి కూర్చుండు గది. మా బంధువుల పిల్లవాడొకడు అట్టి చోట రెండేండ్లు చదివినాడు. తన గదిలోని ముప్పదిమంది మార్కులను అప్పగింపగలడు; ఒక్కని తండ్రి యేమిచేయునో చెప్పలేడు.

ఇక మాకు వచ్చిన ఆక్షేపణలు. తలిదండ్రుల సభలో ఒక రైతు లేచి, "బిడ్డల్ని చదువుకొనేదానికి పంపిస్తిమి గాని ముచ్చట్లకా సార్?" అని యడిగెను. మేము ఆయనను ఒకదినము వచ్చి కూర్చుండుమంటిమి. వచ్చి, తన కుమారుడు "మా నాయన అప్పు దినాల్లో నా పెట్టె నూఱు" అనుట విని, ఏమియు మాటాడక పోయెను. తరువాత ఆయన ఒప్పుకొనెనో లేదో మాకు తెలియదు, మఱల ఆక్షేపింపలేదు. సహోపాధ్యాయులలో కొందఱు, మేము మనస్తత్వ వైద్యులము కామనిరి. నిజమే, కావలసినది వైద్యుడు కాదు, చెవి. ఒకరు ఆ యరగంటను నీతిబోధకు వినియోగించిరి. సుమతీశతకము మంచిదే కాని, ఏడు నిమిషములకు వారి కూటమంతయు చీమలను లెక్కింపసాగినది.

జాగ్రత్తలు లేకున్న ఈ పని కీడు చేయగలదనుటయు మేమెఱుగుదుము. బలవంతముగా మాటాడించుట దెబ్బకంటె చెడ్డది, అందులకే "దాటు". చెట్టుక్రింద విన్నది బయట చెప్పగూడదని పిల్లలచేత ప్రమాణము చేయించితిమి. కాని ఉపాధ్యాయుడు మాత్రము ఆ ప్రమాణమును పూర్తిగా చేయగూడదు. బిడ్డపై లైంగికముగా నెవరైన చేయిచేసికొనిరని తెలిసినచో దానిని అధికారులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము విధి. "నీకు కీడు జరుగుచున్నదని తెలిసిన, నీకు మేలుచేయగలవారికి చెప్పుదును" అని మొదటి దినముననే చెప్పవలెను. ఆ తరువాత చెప్పవలెనో వద్దో బిడ్డ తేల్చుకొనును. ఇంకొకటి: దీనికి మార్కులు వేయగూడదు. మార్కులు వేసిన మఱునాటినుండి అందఱి పెట్టెలును వేయి పలుకును.

మన పాత వీథిబడులలో గోడకుర్చీ, గుంజీలు, తొడపాశము, కోదండము అని శిక్షల కొక శాస్త్రమే యుండెడిది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. బెత్తము బల్లమీదనుండి పోయినది. మంచిపని. కాని బెత్తము పోయినచోట ఏమి పెట్టితిమి? చాలచోట్ల ఏమియు పెట్టలేదు. అందుచేతనే కొందఱు పంతుళ్లు బెత్తమునకై నిట్టూర్చుచున్నారు. వారికి వేఱు సాధనము నెవరును చేతికీయలేదు.

మధ్యాహ్నభోజనపు కథ యొకటి చెప్పి తీఱవలెను. బడులలో వండిన యన్నము పెట్టవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2001 నవంబరులో ఆజ్ఞాపించినది. బిడ్డలందఱు ఒక్కచోట తినుటవలన భేదము పోవునని ఆనాడు ఆశించినవారిలో మేమును కలము. ఒక్కచోటనే తినిరి, వరుసలు వేఱు. ఊరి బిడ్డల వరుస యొకటి, వాడ బిడ్డల వరుస యొకటి. ఎవరును కూర్చుండబెట్టలేదు, తమంత తామే కూర్చుందురు. ఉపన్యాసములు చేసిన దినము కలిసి కూర్చుండి, మఱునాడు విడిపోవుదురు. ఒకనాడు చెట్టుక్రింద ఆఱవ తరగతి వాడొకడు, "మా వరుసకు పప్పు కడాన వస్తాది సార్. నీళ్లు తప్ప పప్పు ఉండదు" అన్నాడు. కులము మాట యెత్తలేదు, పప్పు మాటయే. ఊరి బిడ్డ యొకతె, "మేము వెనక్కి తిరిగి చూడలేదే" అన్నది. ఆమె చెప్పినది సత్యమని ఆమె ముఖమే చెప్పుచుండెను. అరగంటలో వారే తీర్పు చేసికొనిరి: చెట్టు కూటము కూటముగా కూర్చుండి తినవలెను, దినమున కొక కూటమునకు ముందు వడ్డింపవలెను. తొమ్మిది కూటములు, తొమ్మిది దినముల వంతు. వరుసలు కలిసినవి. సమత్వము పేర కాదు, పప్పు పేర.

రెండు ఇండ్లవారు అలిగిరి. ఒక తండ్రి తన కుమారునికి ఇంటినుండి క్యారియరు పంపసాగెను. ఆ బిడ్డ క్యారియరును తెచ్చుకొని ఆ కూటము నడుమనే కూర్చుండి తినుచుండెను. దానిలోని ఊరగాయ చుట్టుతిరిగి వచ్చుచుండెను.

భాషనుగూర్చి రెండు మాటలు. ఈ సీమ మూడు రాష్ట్రముల కూడలి. ఇంటిలో అరవము మాటాడు బిడ్డలు, కన్నడము మాటాడు బిడ్డలు, ఉర్దూ మాటాడు బిడ్డలు ఒక్క బెంచీమీద కూర్చుందురు. పాఠమో ఇప్పుడు ఆంగ్లమున. చెట్టుక్రింద ఎవరి యింటిమాట వారు మాటాడవచ్చును. ప్రక్కవాడు తెలుగు చేసి చెప్పును. సంవత్సరమంతయు తరగతిలో నోరువిప్పని ఒక తురకబిడ్డ తన నానీ మరణమునుగూర్చి ఉర్దూలో చెప్పగా, తెలుగు చేయవలసినవాడు నడుమ ఆగిపోయెను. తెలుగు అక్కఱలేకయే అందఱికిని తెలిసినది.

అన్నియు ఇట్లు కుదిరినవని చదువరు లనుకొనరాదు. ఎనిమిదవ తరగతి వాడొకడు, కూటములో అందఱికంటె మాటకారి, సంక్రాంతి తరువాత బెంగుళూరునకు గారచేయు మేస్త్రీవెంట పోయెను. తండ్రి మంచముపట్టినాడు, ఇద్దఱు చెల్లెండ్రు. పిల్లలు వాని చోటును నెలదినములు ఖాళీగా ఉంచిరి; గుండ్రములో ఒక పన్ను ఊడినట్లుండెడిది. మేము రెండుమాఱులు ఇంటికి పోతిమి, ఒకమాఱు ఫోనులో మాటాడితిమి. పిల్లలందఱును ఫోను చుట్టు మూగి వాని ధర యడిగిరి. "ఇక్కడ టమాట శానా ప్రియం రా" అన్నాడు. ఇంకేమియు చెప్పలేదు. వాడు తిరిగి రాలేదు. ఇంటిలో తినుటకు లేనప్పుడు అరగంట మాటలు అన్నము కాజాలవు. ఆ బిడ్డకు కావలసినది తండ్రికి వైద్యము, ఇంటికి నెలకు కొంత పైకము, చెట్టు కాదు. అయినను వాడెందులకు పోయెనో, ఎక్కడ నున్నాడో, ఏమి తినుచున్నాడో ఇరువదిమందికి తెలియుట, ఎవరికిని తెలియకుండుట ఒక్కటి కాదని మాకు ఇప్పటికిని తోచుచున్నది.

మేము ఆ బడి విడిచి కొన్నేండ్లయినది. చెట్టుకింద పీరియడు ఇంకను నడచుచున్నదని మా పంతులమ్మగారు వ్రాసిరి. మూడు దినములు రెండైనవట, మిగిలిన దినమును పదవ తరగతి పునశ్చరణ మ్రింగినదట. ఇప్పు డక్కడ రెండు ఉపాధ్యాయ పదవులు ఖాళీ. తొమ్మిది కూటములు ఏడైనవి; తలకు ఇరువదియాఱుగురు. కానుగచెట్టు నీడ చాలక ఒక కూటమువారు సైకిళ్ల పాక క్రింద కూర్చుండుచున్నారు.